చావింట్లో మొదటి గ్లాసు

గేటు సంగతి

మా సెంటర్లో కొత్తగా చేరిన నర్సులు, కౌన్సిలర్లు మొదటిరోజు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "మేడం, వీళ్ళు కొడతారా?"

కొట్టరమ్మా, ఏడుస్తారు అని చెప్పేదాన్ని. దెబ్బ తగిలితే కట్టు కట్టుకోవచ్చు. ఇంతింత మీసాలున్న మగవాళ్ళు మంచం పట్టీ పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తుంటే పక్కన ఊరికే నిలబడాలి చూడండి, అది కష్టం. అది చేతనవుతుందనుకుంటేనే ఈ ఉద్యోగంలో ఉండండి. లేదంటే ప్రసూతి వార్డుకు పోండి. అక్కడ ఏడుపు వినగానే అందరూ నవ్వుతారు.

నేను మడికొండ దగ్గర తాగుడు మాన్పించే సెంటర్లో నర్సుగా చేరాను. పని చేస్తూనే కౌన్సిలింగ్ నేర్చుకున్నాను. చివరికి వార్డు మొత్తం చూసుకుంటూ రిటైరయ్యాను. నేను చేరిన కొత్తలో మా గేటు ముందు తుమ్మచెట్లు, ఎండకు పడుకున్న బర్రెలు తప్ప ఏమీ ఉండేవి కావు. ఇప్పుడు అద్దాల బిల్డింగులు, అపార్టుమెంట్లు వచ్చాయి. ఆ బిల్డింగుల్లో పనిచేసే పిల్లలు కూడా కొందరు మా గేటు లోపలికి వస్తున్నారు, గంజాయి వాసనతో. ఊరు ఎదిగిందంటే ఇవన్నీ కలిసే ఎదుగుతాయి.

నా నోరు కొంచెం గట్టిది. మా పుట్టింటివాళ్ళది హన్మకొండలో బట్టల కొట్టు. గడప తొక్కిన గిరాకీని ఉత్త చేతులతో పంపకూడదని చిన్నప్పటి నుంచి నూరిపోశారు. సెంటర్లోనూ నాది అదే మొండితనం. "ఇంటికి పోతా, సంతకం పెట్టించుకోండ్రి" అని లేచిన మనిషిని కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, తిట్టి, బతిమాలి, మళ్ళీ మంచం ఎక్కించేదాన్ని. ఒకాయన నాకు మొక్కి, "గీమె మాటలకన్న మందు మానుడే నయం" అన్నాడు. దాన్ని నేను పొగడ్తగానే తీసుకున్నాను.

మాది వారాల తరబడి లోపల ఉంచి చేసే వైద్యం. మొదటి రోజులు ఒంటి కోసం. వణుకు, ఫిట్స్, నిద్రలేమి, ఇవన్నీ మందులతో దారికొస్తాయి. తర్వాతి రోజులు మనసు కోసం. చివరి రోజులు ఇంటి కోసం, అసలు కష్టం అక్కడే ఉంది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. మా దగ్గర అది తిరగబడుతుంది. గేటు లోపల సింహంలా ఉన్నవాడు ఇంటి గడప దగ్గర పడిపోతాడు. గేటుకు తాళం వేసుకుని మనమేదో సాధించామనుకుంటే అంతకంటే వెర్రితనం లేదు.

కల్లు లెక్కలోకి రాదు

మా పెద్ద డాక్టరు గారి గురించి చెప్పాలి. సన్నగా ఉండేవారు. కోపం మాత్రం లావు. రౌండ్స్‌లో ఎవరైనా పేషెంటును "తాగుబోతు" అంటే ఆ రోజు వాళ్ళ పని అయిపోయినట్టే. ఆయన దగ్గర నేర్చుకున్నది పుస్తకాల్లో నేర్చుకోలేదు. ఆయనతో పోట్లాడినంతగా మా ఆయనతో కూడా పోట్లాడలేదు.

నర్సంపేట వైపు నుంచి పత్తి రైతు ఒకాయనను కొడుకులు తీసుకొచ్చారు. సాయంత్రం క్వార్టర్ లేనిదే ముద్ద దిగదట. తాగి ఎన్ని రోజులైందని అడిగితే, "మందు బంద్ జేసి వారమాయె" అన్నాడు. పెళ్ళాం, కొడుకులు అందరూ అవునని తలూపారు. వారమైతే గండం గడిచినట్టే కదా అని తేలికపాటి మందులు రాసి మంచం చూపించారు.

మర్నాడు పొద్దున చూస్తే ఆ మనిషి మంచం మీద గొంతుక్కూర్చుని గాలిలోంచి ఏదో ఏరి ఒళ్లో వేసుకుంటున్నాడు. రెండు చేతులా, చకచకా. ఏం చేస్తున్నావు పెద్దయ్యా అంటే, "వాన వచ్చెటట్టున్నది బిడ్డా, జల్ది ఏరుండ్రి" అన్నాడు. పత్తి ఏరుతున్నాడు. చెమటతో బనియను తడిసిపోయింది, కళ్ళలో భయం.

డాక్టరు గారు పరుగున వచ్చి ఇంజెక్షన్ చేయించి, వరండాలో ఉన్న ఆయన పెళ్ళాన్ని పిలిచారు. "కల్లు ఎప్పుడు తాగిండమ్మా?" అని అడిగారు.

"కల్లా? అది రోజు తాగుతడు సారూ. నిన్న గిక్కడికి వచ్చేటప్పుడు సుత తాగే వచ్చిండు. అది తాగుడు గాదు గదా, సల్లగుంటదని."

అబద్ధం చెప్పలేదు ఆమె. మా జిల్లాలో కల్లును ఎవరూ తాగుడు కింద లెక్కవేయరు. బాలింతకు పోస్తారు, చుట్టం వస్తే పోస్తారు, దేవతకు పోస్తారు. కానీ కొన్ని దుకాణాల్లో ఆ కల్లులో మత్తుబిళ్ళలు కలుపుతారు. అది ఒక్కసారిగా ఆగితే మనిషి పిచ్చివాడవుతాడు, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. ఆ రైతు ఎలాగో దక్కాడు. డాక్టరు గారు ఆ సాయంత్రం అందరినీ నిలబెట్టి, "ఇక నుంచి తాగుతావా అని అడిగినవాళ్ళను నేనే గేటు బయట పెడతాను. పొద్దుగూకాక ఎక్కడ కూర్చుంటాడో, ఎవరితో కూర్చుంటాడో అడగండి" అన్నారు.

ఆ ప్రశ్న నన్ను చాలా దూరం తీసుకెళ్ళింది. ఎక్కడ, ఎవరితో అని అడగడం మొదలుపెట్టాక తెలిసింది, మావాళ్ళలో ఒంటరిగా తాగి చెడినవాళ్ళు తక్కువని. బావ పోశాడు, మామ పోశాడు, దోస్తు పోశాడు. అందరూ ప్రేమతోనే పోశారు.

గుండు

పెద్ద డాక్టరు గారికి ఒక నియమం ఉండేది. పేషెంటు లోపల ఉన్నన్నాళ్ళూ ఇంటి చెడ్డకబురు గేటు దాటి లోపలికి రాకూడదు. ఇంట్లోవాళ్ళు కూడా అదే కోరేవారు. "కోర్సు అయినంక చెప్తం సార్, మనసు పాడు జేసుకుంటడు" అనేవారు. వినడానికి బాగానే ఉంటుంది.

వరంగల్‌లో బట్టల షాపులో పనిచేసే ఒకతను ఉండేవాడు. నెమ్మదస్తుడు. వార్డులో అందరి పక్కలూ తానే సర్దేవాడు. అతను లోపల ఉండగా తల్లి పోయింది. ఎవ్వరం చెప్పలేదు. ఇంటికి పంపే రోజు అతని అన్న తీసుకెళ్ళడానికి వచ్చాడు. తల మీద టోపీ పెట్టుకున్నాడు పాపం. గేటు దగ్గర సంచీ అందుకోబోతుంటే ఆ టోపీ కాస్తా జారింది. కింద గుండు. మొలిచీ మొలవని వెంట్రుకలు.

తమ్ముడు ఆ గుండు వైపు చూశాడు. "అవ్వనా?" అని మాత్రం అడిగాడు. అన్న తల దించుకున్నాడు. అతను సంచీ అక్కడే వదిలేసి నా వైపు తిరిగి, "మా అవ్వ సావుకు సుత నేను పనికిరాకపోతినా మేడం" అన్నాడు. ఇంటికి పోలేదు. అన్న వెనకాల పరుగెత్తుతున్నా వినకుండా బస్‌స్టాపు పక్కనున్న వైన్‌షాపుకు నడిచాడు.

తర్వాత అతను మళ్ళీ మా దగ్గరికి రాలేదు. ఆ రోజు నేను డాక్టరు గారి గదిలోకి వెళ్ళి, ఈ నియమం తప్పు సార్ అన్నాను. ఆయన వినలేదు. "అతనికి చెప్పి ఉంటే ఆ రోజే గేటు దాటి తాగడానికి పోయేవాడు" అన్నారు. అయి ఉండవచ్చు. కానీ మనిషిని తల్లి చావుకు పనికిరానివాడిగా మనమే తేల్చేశాక, ఇక తాగకుండా ఉండి ఏం చేసుకోవాలి అతను? నాకు అది మింగుడుపడలేదు. మరోసారి ఇలాంటిది వస్తే ఊరుకోకూడదని గట్టిగా అనుకున్నాను.

ఒట్టు పెట్టే ఆట

రాజేందర్ ఆటో డ్రైవరు. వరంగల్ స్టేషన్ నుంచి హన్మకొండ చౌరస్తా దాకా నడిపేవాడు. తల్లిదండ్రులు నర్సంపేట దగ్గర పల్లెలో పత్తి, వరి పండించేవాళ్ళు. భార్య రజిత టైలరింగ్ చేసేది. అతను మా దగ్గరికి రావడం అది మూడోసారి. రెండోసారి బయటికి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టినప్పుడు ఫిట్స్ వచ్చి ఆటోతో సహా డివైడర్ ఎక్కాడు. ఇంకోసారి తాగితే లివరు చేతులెత్తేస్తుందని డాక్టరు గారు మొహమాటం లేకుండా చెప్పారు. రజిత నాతో, "ఇది ఆఖరు మేడం. గిప్పుడు గాకపోతే పిల్లలను తీస్కొని మా అమ్మగారింటికి పోత" అంది. ఏడవకుండా చెప్పింది, అందుకే నమ్మాను.

మొదటిసారి చెల్లె పెళ్ళిలో, రెండోసారి జాతరలో పడిపోయాడు. రెండుసార్లూ ఎవరో ఒకరు చేత్తో గ్లాసు ఇచ్చారు. కాదంటే ఇచ్చినవాడి మొహం చిన్నబోతుంది కదా, అందుకని తీసుకున్నాడు. ఇతనిది దాహం జబ్బు కాదు, మొహమాటం జబ్బు అని నేను ఎగతాళి చేసేదాన్ని. మా వైపు అది పెద్ద జబ్బే.

అందుకే మా వార్డులో సాయంత్రాలు ఒక ఆట పెట్టాను. కాదనడం నేర్పే ఆట. ఒకరు మామ, ఒకరు బావ, ఒకరు బామ్మర్ది. స్టీలు గ్లాసులో మజ్జిగ. మామ వేషం వేసినవాడు ఎలాగైనా తాగించాలి, ఎదుటివాడు కోపం తెచ్చుకోకుండా, పారిపోకుండా కాదనాలి. వినడానికి పిల్లలాటే. మొదట అందరూ నవ్వేవాళ్ళు. కాసేపటికి గ్లాసు పట్టుకున్న చేతులు నిజంగానే వణికేవి. మజ్జిగే అని తెలిసినా వణికేవి.

రాజేందర్ బాగా ఆడేవాడు. "బావా, దవాఖాన్ల డాక్టర్ కొడ్తడు", "మామా, నాకు షుగర్ వచ్చింది", "నా వంతు నువ్వే తాగు, నీకు పున్నెముంటది" అని రకరకాలుగా తప్పించుకునేవాడు. ఒక్కచోట మాత్రం దొరికిపోయేవాడు. ఎవరైనా "మీ నాయిన మీద ఒట్టు" అంటే చాలు, చెయ్యి దానంతటదే ముందుకు వచ్చేది.

"ఒట్టు పెడితే ఎవరన్నా చచ్చిపోతారా రాజేందర్?" అని గద్దించాను ఒకసారి.

"సావరు మేడం. నాకెరుకే. గని నాయిన పేరు దీస్తే నాకు మాట రాదు."

చెప్పకుండ్రి మేడం

ఒకరోజు పొద్దున్నే రజిత ఫోన్ చేసింది. ఊళ్ళో ఉంది. మామగారికి కొన్నాళ్ళుగా ఒంట్లో బాగాలేదు, తెల్లవారుజామున పోయాడు.

"ఆయనకు చెప్పకుండ్రి మేడం, మీ కాల్మొక్త" అంది. "ఈడికొస్తే తాపుతరు. ఒక్కడే కొడుకు గదా. మా చిన్నమామ కొడుకు తలగొరివి పెడ్తడు, నేను ఒప్పించుకుంట. ఆయనకు మాత్రం చెప్పకుండ్రి."

ఆమె భయం ఎందుకో తెలియాలంటే మా వైపు ఆనవాయితీ తెలియాలి. దహనం అయ్యాక చుట్టాలు కల్లో బ్రాందీయో పట్టుకొస్తారు. ముందు పోయినవారి పేరు మీద నేల మీద కొంచెం సాక పోస్తారు. తర్వాత తలగొరివి పెట్టిన కొడుక్కి మేనమామ తన చేత్తో మొదటి గ్లాసు ఇస్తాడు. అతను తాగాకే మిగతావాళ్ళు ముట్టుకుంటారు. ఊరిని బట్టి, కులాన్ని బట్టి రోజు మారుతుంది, తీరు మారుతుంది. రాజేందర్ వాళ్ళ ఊళ్ళో దహనం రోజునే చేస్తారు. దుఃఖం దిగడానికని కొందరంటారు, పోయినవాడు తృప్తిగా వెళ్ళడానికని కొందరంటారు. నేను తప్పు పట్టను. చావింట్లో ఏడ్చి ఏడ్చి గొంతెండినవాళ్ళకు ఎవరో ఒకరు ఏదో ఒకటి తాగించాలి కదా.

రజిత ఏడుపు వింటుంటే నాకు ఆ గుండే కళ్ళముందు కదిలింది. చెప్పకుండా ఉండను తల్లీ, కానీ నేను కూడా వెంట వస్తాను అని ఫోన్ పెట్టేశాను.

డాక్టరు గారి గదికి వెళ్ళాను. ఆయన నియమం ఆయన చెప్పారు, నా మాట నేను చెప్పాను. గొంతులు లేచాయి. చివరికి నేను, "వాడు తాగితే ఆ పాపం నాది సార్. తండ్రికి నిప్పు పెట్టనివ్వకపోతే మాత్రం ఆ పాపం మనిద్దరిదీ" అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"సాయంత్రానికి వెనక్కి రావాలి. అక్కడ ఒక్కమాట కూడా నువ్వు మాట్లాడకూడదు. నువ్వు ఇవాళ అడ్డం పడితే జీవితమంతా వాడి వెంట గ్లాసుకు అడ్డం పడుతూ తిరగాలి" అన్నారు.

నా నోటికి తాళం వేయడం గేటుకు వేసినంత సులువు కాదని ఆయనకూ తెలుసు. అయినా ఒప్పుకున్నాను.

పిల్లి మెడలో గంట కట్టాల్సింది నేనే. రాజేందర్ పెరట్లో బట్టలు ఆరేస్తున్నాడు. పక్కన నిలబడి, మీ నాయిన పోయిండు రాజేందర్ అన్నాను. ఇలాంటివి సుతారంగా చెప్పే పద్ధతి నాకు ఎప్పుడూ చేతకాలేదు. అతను చేతిలోని తడిచొక్కాను పిండుతూనే ఉన్నాడు. నీళ్ళు రావడం ఆగిపోయినా పిండుతూనే ఉన్నాడు. తర్వాత అడిగాడు. "మామ వచ్చిండా మేడం?"

తండ్రి ఎలా పోయాడని అడగలేదు. గ్లాసు ఇచ్చే మనిషి వచ్చాడా అని అడిగాడు. అతని భయం కూడా అదే.

"పోవద్దనిపిస్తే చెప్పు. నేను నిన్ను తప్పుపట్టను" అన్నాను.

"పోత మేడం. పోయి తాగకుండ వస్త. ఎట్లనో నాకెర్కలేదు."

మామ చేతి గ్లాసు

నర్సంపేట బస్సులో రాజేందర్ కిటికీ పక్కన కూర్చున్నాడు. పత్తి చేన్లు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. మేం చేరేసరికి డప్పులు మోగుతున్నాయి. తండ్రి కాళ్ళ మీద పడి రాజేందర్ ఏడ్చిన ఏడుపు నేను రాయలేను. కొడుకు వచ్చాడని ఊరంతా చూసింది. తలగొరివి అతనే పెట్టాడు. ఆ ఒక్కదాని కోసమైనా డాక్టరు గారితో పోట్లాడినందుకు నాకు తృప్తి కలిగింది.

మధ్యాహ్నం దాటాక స్నానాలు చేసి తడిబట్టలతో అందరూ ఇంటి ముందు చాపల మీద కూర్చున్నారు. గోడవారగా తల్లి లచ్చమ్మ, ఆమె పక్కన రజిత, కొంచెం ఎడంగా నేను. మేనమామ మొగిలి కల్లుకుండ దించాడు. లచ్చమ్మకు తమ్ముడు. మంచి మనిషి. పొద్దుటి నుంచీ కట్టెలు మోసింది, డప్పులవాళ్ళను పిలిచింది, అందరికీ నీళ్ళందించింది అతనే. దొంగో దుర్మార్గుడో అయితే ఎదిరించడం సులువు. ప్రేమగా పోసేవాడితోనే చిక్కు.

నేల మీద సాక పోసి, స్టీలు గ్లాసు నింపి, మేనల్లుడి ముందు కూర్చున్నాడు.

"తీస్కో అల్లుడా."

రాజేందర్ చేతులు జోడించాడు. "మామా, నేను దవాఖాన్ల ఉన్న. మందు ముట్టద్దన్నరు."

"మందు గాదు రా, కల్లు. చెట్టు మీదికెళ్ళి గిప్పుడే దింపిండ్రు. జర నోరు తడుపుకో."

"వద్దు మామా."

"నువ్వు ముట్టకపోతే గీళ్ళంత ఎట్ల ముడ్తరు? పొద్దటిసంది ఎవ్వలు ఎంగిలి పడలె." చుట్టూ కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే గొంతు కలిపారు. ఒక్క గుక్క తాగు. ఒక్క గుక్కకు ఏం గాదు. అయ్య మీద ప్రేమ లేదా. మొగిలి గ్లాసును ఇంకా దగ్గరికి జరిపాడు. "మా బావ నా చేతి గ్లాసు కోసం సూస్తాండు రా. మీ నాయిన మీద ఒట్టు."

నాకు లేచి ఆ కుండను కాలితో తన్నాలనిపించింది. నాలుక కొసన ఎన్ని మాటలున్నాయో! పళ్ళు బిగించి చాప అంచు పట్టుకుని కూర్చున్నాను. రజిత కొంగు నోట్లో కుక్కుకుంది.

రాజేందర్ చెయ్యి ముందుకు వచ్చింది. గ్లాసు తీసుకున్నాడు. ఇక అయిపోయిందనుకున్నాను.

అతను గ్లాసు పట్టుకుని లేచాడు. సాక పోసిన చోటుకు నడిచి, అక్కడ వంగి కూర్చుని, గ్లాసంతా మెల్లగా, ధార తెగకుండా నేల మీద పోశాడు. "నాయినా, నా వంతు సుత నువ్వే తాగు. నాకు వద్దు" అన్నాడు. పెద్దగా ఏడుస్తూ అన్నాడు.

పోయినవాడికి పోసినదాన్ని తప్పనడానికి ఎవరికి నోరొస్తుంది? ఇంతటితో తీరిపోయిందని నేను ఊపిరి పీల్చుకున్నాను. కథల్లో అయితే తీరిపోయేది. మొగిలి ముక్కు తుడుచుకుని గ్లాసు అందుకుని మళ్ళీ నింపాడు.

"అది బావకు. మంచిగనే పోసినవ్. ఇది నీకు."

రాజేందర్ నిలబడిపోయాడు. రెండోసారికి అతని దగ్గర ఏమీ మిగల్లేదు, మొహం చూస్తే తెలిసిపోయింది. మా ఆటలో రెండో గ్లాసు ఎప్పుడూ పెట్టలేదు.

అప్పటిదాకా గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్న లచ్చమ్మ చెయ్యి చాపింది. "ఇటు తే తమ్మీ" అంది. మొగిలి ఆమెకే కావాలేమోనని ఇచ్చాడు. గటగటా తాగేసి, గ్లాసు బోర్లించి నేల మీద పెట్టింది.

"అది వాని వంతు. నేను తాగిన. ఇగ అందరు ముట్టుండ్రి."

"గట్లెట్ల అక్కా..."

"ఎట్ల అంటె గిట్ల. మీ బావ సచ్చే ముందల నన్ను అడిగిందేందో ఎరుకేనా? పోరడు దవాఖాన్లనే ఉన్నడా, పారిపోయిండా అని అడిగిండు. ఉన్నడయ్యా, మంచిగున్నడు అన్న. గప్పుడు కండ్లు మూసిండు. గా మాట అబద్ధం జేస్తవా నువ్వు?" ఆమె గొంతు లేచింది. "ఇంకో గ్లాసు నింపితే కుండ దీసి నీ నెత్తిమీద కుమ్మరిస్త. వాడు నీ అల్లుడైతే నాకు కొడుకు."

మొగిలి అక్క కాళ్ళ దగ్గర కూలబడి గట్టిగా ఏడ్చాడు. రజిత అత్త భుజం మీద తల వాల్చింది. నేనూ ఏడ్చాను, సిగ్గుపడకుండా ఏడ్చాను. కాసేపటికి ఎవరో గ్లాసులు పంచారు. ఆకలి మీద ఉన్నారు పాపం, గబగబా తాగారు. రాజేందర్ తల్లి పక్కన కూర్చుని చెంబుతో నీళ్ళు తాగాడు.

పొద్దు వాలకముందే బస్సెక్కాం. మడికొండ స్టాపు పక్కనే వైన్‌షాపు ఉంది. దాని ముందు నుంచే నడిచి రావాలి. నేను అతని వైపు చూడకుండా నడిచాను. గేటు దగ్గర డాక్టరు గారు చేతులు వెనక్కి కట్టుకుని పచార్లు చేస్తున్నారు. రాజేందర్ తానే గడియ తీసుకుని లోపలికి నడిచాడు. మర్నాడు డాక్టరు గారు ఆ పాత నియమాన్ని తీసేశారు.

పిల్లలకు ఒక మాట

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నా సలహా ఇది. మనిషిని ఇంటి నుంచి, చుట్టాల నుంచి, చావు నుంచి, పెళ్ళి నుంచి దాచి కాపాడాలని చూడకండి. ఎన్నాళ్ళు దాస్తారు? ఎక్కడ పడతాడో అక్కడికే తీసుకెళ్ళి, పక్కన కూర్చుని, నోరు మూసుకోవడం నేర్చుకోండి. ఇంట్లో గట్టి మనిషి ఎవరో ముందే కనిపెట్టండి. తరచుగా ఆ మనిషి గోడవారగా కూర్చుని ఉంటుంది, మనం పలకరించం.

రాజేందర్ బాగుపడ్డాడా అని అడుగుతారు. మరుసటి వానాకాలంలో ఒకసారి జారాడు. మర్నాడే ఎవరూ తీసుకురాకుండా తన ఆటో తానే నడుపుకుంటూ వచ్చి గేటు కొట్టాడు. తిట్టి లోపలికి తీసుకున్నాను. అప్పటి నుంచి తాగలేదు. ఆదివారాలు సెంటర్‌కు వచ్చి కొత్తవాళ్ళతో ఆ మజ్జిగ ఆట ఆడతాడు. మామ వేషం అతనిదే. మొదటి గ్లాసు ఎవరైనా కాదంటే మెచ్చుకుని, వెంటనే రెండోది నింపుతాడు.

తండ్రి పోయి ఏడాది తిరిగిన రోజున నాకు ఫోన్ చేశాడు. వెనక చుట్టాల మాటలు, గిన్నెల చప్పుడు వినిపిస్తున్నాయి. మామ మళ్ళీ కుండ పట్టుకొచ్చాడన్నాడు.

"సాక పోసిండు మేడం. తర్వాత నా గ్లాసు నింపిండు. నా మొకం చూసిండు. నన్ను అడగనేలేదు. 'బావా, ఇది నీ కొడుకు వంతు' అని మామనే నేల మీద పోసిండు."